ఉప్పు కావడి

రాత్రి మంచుకి గంపలో ఉప్పు అట్టలు కట్టింది. శాంతయ్య గొంతుక్కూర్చుని చెక్కముక్కతో ఒక్కొక్క అట్టనీ చితక్కొడుతున్నాడు. గట్టిగా కొడితే పిండై రాలిపోతుంది, మెల్లగా కొడితే పగలదు. పగిలినదాన్ని గంపలో సర్ది, పైన తాటాకు కప్పి, రెండో గంపను ముందుకు లాక్కున్నాడు. వేళ్ళ సందుల్లో పగుళ్ళున్నాయి. వాటిలోకి ఉప్పు దిగినప్పుడల్లా పళ్ళ సందున గాలి పీలుస్తాడు. ఇన్నేళ్ళయినా ఆ మంట అలవాటు కాలేదు. అలవాటైపోతుందిలే అని మొదట్లో ధైర్యం చెప్పినవాళ్ళంతా ఉప్పు కొనుక్కునేవాళ్ళేగాని మోసేవాళ్ళు కారు.

"ఇయ్యాల అడుగుతావా?" అంది దేవమణి. మొగుడి మడమల్లో ఆముదం పట్టిస్తూ తలెత్తకుండానే అడిగింది.

"అడుగుతా."

"పోయినేడు చర్చి కూటాలప్పుడూ ఇదే మాటన్నావు."

"పోయినేడు కాళ్ళు ఇంత వాచలేదుగదే."

దేవమణి ఆముదం గిన్నె చూరులో పెట్టి, చేతులు తలకి రాసుకుంది. మాటలు దండగ అనుకున్నప్పుడు ఆవిడ అలాగే లేచిపోతుంది.

వాపు సంగతి నిజమే. ఆసుపత్రి కాంపౌండరు వేలితో నొక్కి చూస్తే పడ్డ గుంట ఎంతసేపటికీ పూడలేదు. గుండె నీరసంగా ఉందనీ, బరువులు మొయ్యొద్దనీ, కూరల్లో ఉప్పు మానెయ్యమనీ చెప్పాడు. ఉప్పు మానడం ఆ పూటే అమల్లోకి వచ్చింది. జగ్గయ్యపేట చుట్టుపక్కల ఊళ్ళకి ఉప్పు పోసే మనిషి ఇప్పుడు చప్పిడి కూడు తింటున్నాడు. బరువు మానడమే అతని చేతుల్లో లేదు.

చిల్లకల్లులో అల్లుడు బుల్లిబాబు రోడ్డు పక్కన టీ కొట్టు పెట్టాడు. హైదరాబాదు నుంచి బెజవాడ పోయే లారీలు అక్కడ ఆగుతాయి. కూతురు రాహేలు వచ్చినప్పుడల్లా ఒకటే పోరు. "మా దగ్గరికొచ్చెయ్ నాన్నా, అమ్మనీ తీసుకురా. నీడపట్టున కూర్చుని పొయ్యి ఎగదోస్తే చాలు. నిన్నెవరన్నా ఏమన్నా అంటే నేను చూసుకుంటా" అంటుంది. శాంతయ్యకి బతుకులో మిగిలిన కోరిక ఇదొక్కటే. నీడలో కూర్చోవాలి, భుజం మీద ఏమీ ఉండకూడదు. ఇంతోటి కోరికకి అడ్డేమిటయ్యా అంటే, ఉంది. చర్చి సంఘం ఉంది.

ఆ కథ పేటలో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. కుర్రతనంలో శాంతయ్య వీరరాఘవయ్యగారింట్లో పాలేరు. తండ్రీ ఆ ఇంటి పాలేరే. ఒకనాడు గుర్రబ్బండిలో వచ్చిన తెల్లదొర చింతచెట్టు కింద నిలబడి, వచ్చీరాని తెలుగులో, మీరంతా లోకానికి ఉప్పు కావాలని బోధ చేశాడు. విన్నవాళ్ళు తలలూపి ఇళ్ళకి పోయారు. శాంతయ్య మాత్రం తెల్లారగానే పేడ చేతులతో యజమాని ముందు నిలబడి, "నేనింక పన్లోకి రానండీ. దొరగారు ఉప్పులోకి పొమ్మన్నారండీ" అన్నాడు.

వీరరాఘవయ్యగారు ముందు తెల్లబోయారు. సంగతి అర్థమయ్యాక పడక్కుర్చీలో పొట్ట పట్టుకుని నవ్వారు. దారిన పోయేవాళ్ళని పిలిచి, ఆ మాట మళ్ళీ చెప్పించి మరీ నవ్వారు. అంత నవ్వు నవ్విన మనిషికి ఇక కొట్టడానికి చెయ్యి రాలేదు. "పోరా, పోయి ఉప్పయిపో" అని వదిలేశారు. శాంతయ్య బందరు బండ్ల వెంటపడి పోయి, ఉప్పు తెచ్చుకుని కావడెత్తాడు.

దొర తనని నిజంగానే ఉప్పమ్ముకోమన్నాడనుకున్నాడా, లేక ఆ గొడ్లచావిట్లోంచి బయటపడడానికి దేవుడిచ్చిన సాకు అనుకున్నాడా అంటే, ఇప్పుడు శాంతయ్యకే తెలియదు. రెండూ కొంచెం కొంచెం ఉండి ఉంటాయి. ఆ వయసులో మనిషి ఇంత విడదీసి చూసుకోడు.

దొర మాత్రం నవ్వలేదు. విన్నది విన్నట్టు చేసినవాడు వీడొక్కడేనని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. కావడితో సహా ఫోటో తీయించి తన దేశంలో పత్రికకి పంపాడు. అక్కడి ముసలమ్మలు ఆ ఫోటో ముందు పెట్టుకుని శాంతయ్య కోసం ప్రార్థన చేస్తారట. మిషను స్థలంలో గుడిసెకి జాగా దొరికింది. ఉప్పు శాంతయ్య అనే పేరొచ్చింది. ఏటేటా కూటాల్లో కావడితో నిలబడి సాక్ష్యం చెప్పడం ఆనవాయితీ అయింది. తర్వాత దొరలు పోయారు, స్వరాజ్యం వచ్చింది, మద్రాసు నుంచి ఆంధ్ర విడిపోయింది, ఆంధ్రలో హైదరాబాదు కలిసింది. శాంతయ్య కావడి ఈ భుజం నుంచి ఆ భుజానికి మారడమే గాని దిగింది లేదు. ఒక చావిట్లోంచి బయటపడి మరో చావిట్లో పడ్డానని తెలుసుకునేసరికి జుట్టు నెరిసిపోయింది.

పొద్దెక్కేసరికి అనుమంచిపల్లి చేరాడు. "ఉప్పోయ్, ఉప్పూ" అని కేకేసి దుర్గాంబగారి వాకిట్లో కావడి ఆన్చాడు. ఆవిడ చేట తెచ్చి అరుగు కింద నేల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగింది. శాంతయ్య సోలతో కొలిచి చేటలో పోసి తానూ వెనక్కి జరిగాడు. ఆవిడ మరో చేటలో జొన్నలు తెచ్చి, చెయ్యి తగలకుండా అతని గోనెలో ఒంపింది.

మాలపల్లె మనుషులు తెచ్చిన ఏ వస్తువునైనా ఆ ఇళ్ళవాళ్ళు నాలుగు నీళ్ళు చల్లి గాని లోపలికి తీసుకుపోరు. ఉప్పు మీద నీళ్ళు చల్లితే ఇంకేం మిగులుతుంది! అందుకని ఉప్పుకి మైల లేదని ఏనాడో పెద్దలు తీర్మానించేసుకున్నారు. శాంతయ్య ఉప్పు ప్రతి ఇంట్లో వంటగది దాకా, దేవుడి నైవేద్యం దాకా పోతుంది. శాంతయ్య అరుగు దాకా పోతాడు. పాస్టరుగారు ఈ ముక్క ప్రసంగంలో ఎంతో అందంగా చెప్తారు.

ఉప్పు పోసినప్పుడల్లా శాంతయ్య ఒక మాట చెప్పాలి. అది ఆనాటి తెల్లదొర నేర్పిన మాట. ఇవాళ ఆయాసంతో అది నోట్లోకి రాలేదు.

"ఏం శాంతయ్యా, ఇయ్యాల మీ దేవుడి మాట పొయ్యలేదేం? కొసరు తగ్గించావా?" అంది దుర్గాంబగారు.

"మర్చిపోయానండీ అమ్మగారూ."

"నేను చెప్పనా? ఉప్పు కూరలో కరిగి రుచినిచ్చినట్టు మనుషుల్లో కరిగిపొమ్మని మా ప్రభువు చెప్పాడమ్మా. అంతేనా?"

ఒక్క ముక్క పొల్లుపోలేదు. తలుపు చాటున కోడలు కిసుక్కున నవ్వింది. శాంతయ్యకీ నవ్వొచ్చింది, నవ్వు ఆగగానే ఏడుపొచ్చినంత పనైంది. ఇన్నేళ్ళు ఎండల్లో మోసుకొచ్చిన మాట ఆవిడకి పాటలాగా వచ్చేసింది గాని, చేట మాత్రం ఇప్పటికీ నేలమీదే పెడుతోంది.

"అయ్యో రాత, కాళ్ళేంటయ్యా బూరెల్లాగా పొంగినయ్? మీ దేవుడు నీకింకో పని చెప్పలేదా?" అంది ఆవిడ, ఈసారి వేళాకోళం లేకుండా.

"అడుగుదామనే ఉందండీ."

"దేవుణ్ణా?"

"పాస్టరుగారినండీ."

"అయితే దేవుణ్ణడగడమే తేలిక" అని ఆవిడ చేట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికి ఊళ్ళోకి తిరిగొచ్చాడు. చర్చి పక్క ఖాళీస్థలంలో పందిరి లేస్తోంది. కూటాలకి పెద్ద ప్రసంగీకుడు నందిగామ నుంచి పొద్దుటి బస్సులో దిగాడు. పాస్టరు ప్రేమానందంగారు చొక్కా చేతులు మడుచుకుని తాళ్ళు లాగి చూస్తున్నారు.

ప్రేమానందంగారు చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే శాంతయ్య పని సులువయ్యేది. దేవమణికి టైఫాయిడ్ వచ్చినప్పుడు సైకిలు మీద అర్ధరాత్రి మందు తెచ్చిన మనిషి. శాంతయ్య కనపడితే ముఖం విప్పారుతుంది. అలాంటివాణ్ణి కాదనడం ఎలాగో శాంతయ్యకి ఎవరూ నేర్పలేదు.

"అయ్యగారూ, ఒక్క మాటండీ."

"రా శాంతయ్యా. అన్నం తిన్నావా?"

"తింటానండీ. నేను చిల్లకల్లు పోదామనుకుంటున్నానండీ, అమ్మాయి దగ్గరికి."

"తప్పకుండా వెళ్ళు. కూటాలవగానే వెళ్ళు. రెండ్రోజులుండి రా."

"ఉండిపోదామనండీ."

పాస్టరుగారు తాడు వదిలేశారు. "మరి కావడి?"

"ఓపిక లేదండీ. మా అల్లుడి టీ కొట్లో పొయ్యి దగ్గర కూర్చుంటానండీ."

గుంజ పాతుతున్న సంఘపెద్ద ఇశ్రాయేలు తలెత్తాడు. "ఏం మామా, ఉప్పొదిలి పంచదార పట్టుకుంటావా?" అన్నాడు. పందిరి కింద అందరూ గొల్లున నవ్వారు. పాస్టరుగారు నవ్వలేదు. దగ్గరికొచ్చి శాంతయ్య భుజం మీద, సరిగ్గా కాయ కాచిన చోట చెయ్యి వేశారు.

"శాంతయ్యా, మేమంతా నోటితో చెప్పేవాళ్ళం. నడుస్తూ చెప్పేవాడివి నువ్వొక్కడివే. సముద్రాల అవతల నీకోసం ప్రార్థన చేస్తున్నారు. వాళ్ళకేమని రాయను? శాంతయ్య టీ కొట్టు పెట్టుకున్నాడని రాయనా? ఉప్పే చప్పబడిపోతే ఇంకెందుకు పనికొస్తుంది, నువ్వే చెప్పు?"

శాంతయ్య కాళ్ళు చూపిద్దామని పంచె కాస్త పైకి లాగాడు. పాస్టరుగారు చూశారు, ఆయన కళ్ళలో నిజంగానే జాలి కనబడింది. "అయ్యో, ఇంత వాచాయా! ఉండు, ప్రార్థన చేద్దాం" అని అక్కడికక్కడే తల మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నారు. ఇశ్రాయేలుతో సహా పనివాళ్ళంతా గడ్డపారలు దించి తలలు వంచారు. నీ దాసుడికి కడదాకా ఈ బరువు మోసే బలం ఇవ్వమని పాస్టరుగారు దేవుణ్ణి వేడుకున్నారు. అందరూ ఆమెన్ అన్నారు. శాంతయ్యా అన్నాడు. ఆమెన్ అన్నాక ఇంక వాదించడానికి ఏముంటుంది!

చెప్పాల్సిన జవాబు బావి దగ్గరికి వచ్చాక తట్టింది. కూరలో పడ్డ ఉప్పు ఒక్కసారే కరుగుతుంది గదండీ, దాన్ని మళ్ళీ రేపు గంపకెత్తరు గదండీ, అనాల్సింది. జన్మంతా అతనికి జవాబులు బావి దగ్గరే తట్టాయి. వెనక్కి వెళ్ళి చెప్పేంత ఓపిక కాళ్ళకి లేదు.

"అడిగావా?" అంది దేవమణి చప్పిడి కూర వడ్డిస్తూ.

"అడిగా."

"ఏమన్నారు?"

"ప్రార్థన చేశారు."

దేవమణి గరిటె గిన్నెలో పడేసింది. "నువ్వు గొణిగితే వాళ్ళకేం వినపడిద్దయ్యా! గట్టిగా చెప్పవు. నీ ప్రాణం పోతే ఆ ముసలమ్మలొచ్చి నాకు గంజి పోస్తారా?" అని కళ్ళొత్తుకుంది.

శాంతయ్య కంచం పక్కకి జరిపాడు. "సాయంత్రం మైకులో చెప్తా. అందరి ముందూ చెబితే ఎవరు మాత్రం కాదంటారు?" అన్నాడు. ఏమని చెప్తావంది దేవమణి. అతను గొంతు సవరించుకుని ఆవిడ ముందే ఒకసారి చెప్పి చూసుకున్నాడు: "నాకీ కావడి దించాలనుందండీ." మాట చిన్నదే. కడుపులోంచి వచ్చింది. దేవమణి కూడా ఇది బాగుందంది. ఆ మధ్యాహ్నమంతా శాంతయ్య అదే మాట నెమరేసుకుంటూ గోడకానుకుని కూర్చున్నాడు. రేపీపాటికి చిల్లకల్లులో ఉంటానని అనుకుంటే కాళ్ళ నొప్పి కూడా తగ్గినట్టనిపించింది.

దీపాలు పెట్టే వేళకి పందిరి నిండిపోయింది. పెట్రోమాక్సు లైట్లు బుస్సుమంటున్నాయి. రోడ్డు వార ఊళ్ళోవాళ్ళు కూడా నిలబడి వింటున్నారు. ఉప్పు కొట్టు సాంబయ్య శెట్టిగారు సైతం వచ్చి చివర్న నిలబడ్డారు. శాంతయ్య గంపలు నిండేది ఆయన కొట్లోనే. దీపాలు పెట్టాక ఈ ప్రాంతంలో ఎవరూ ఉప్పు పేరెత్తరు. నందిగామ ప్రసంగీకుడు మాత్రం మైకులో ఉప్పు, ఉప్పు అని గొంతెత్తి చెబుతుంటే రోడ్డు మీది ఆడవాళ్ళు చెంపలు వేసుకున్నారు. ఆయన మంచి మాటకారి. ఉప్పు కుళ్ళనివ్వదన్నాడు, రుచినిస్తుందన్నాడు, పని చేసి కనబడకుండా పోతుందన్నాడు. శాంతయ్య గంపలోంచి ఆయన పిడికెడు తీసి ముందు వరసలో కూర్చున్నామెకి అందించబోతే, ఆవిడ ప్రసంగం మీద ఎంత భక్తి ఉన్నా అరచెయ్యి పట్టకుండా కొంగు పట్టింది. చేతికి చేతికి ఉప్పందుకుంటే తగువులొస్తాయి గదా!

శాంతయ్య కావడి భుజానేసుకుని వేదిక మీద నిలబడ్డాడు. రెండు గంపలూ నిండుగా ఉండాలని ఇశ్రాయేలు అంచుల దాకా పోయించాడు. చెమట కళ్ళలోకి దిగుతోంది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"ఈ సహోదరుడు యవ్వనంలో ఎత్తిన కావడి ఇంకా దించలేదు" అన్నాడు ప్రసంగీకుడు. "శాంతయ్యగారూ, మీ మనసులో ఉన్న మాట సంఘానికి చెప్పండి." మైకు అతని నోటి దగ్గర పెట్టాడు.

శాంతయ్య ఆడవాళ్ళ వరసలో దేవమణిని వెతుక్కున్నాడు. కనబడింది. చెప్పమన్నట్టు తలూపింది.

"నాకీ కావడి దించాలనుందండీ" అన్నాడు.

గొణగలేదు. ప్రతి అక్షరం పందిరి చివరిదాకా, రోడ్డు దాకా వినబడింది. శాంతయ్య గుండె తేలికైంది. అయిపోయింది, చెప్పేశాను అనుకున్నాడు.

ప్రసంగీకుడి కళ్ళు చెమ్మగిల్లాయి. మైకు లాక్కున్నాడు. "విన్నారా! ఈ వృద్ధుడి వాంఛ విన్నారా! ఈ లోకంలో కాదు, ప్రభువు పాదాల చెంత దించాలని! అంతవరకు మోస్తానని!"

స్తోత్రం, స్తోత్రం అని పందిరి దద్దరిల్లింది. ఆడవాళ్ళు ఏడ్చారు. పాస్టరు ప్రేమానందంగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అది కాదండీ, చిల్లకల్లులో..." అంటున్నాడు శాంతయ్య. మైకు అవతల ఉంది. హార్మోనియం అందుకుంది, తప్పెట అందుకుంది. వెనకటికి పెద్దలు ఇంకో అర్థంలో చెప్పిన మాటని అతను ఉన్నదున్నట్టు తీసుకున్నాడు. ఇప్పుడతను ఉన్నదున్నట్టు చెప్పిన మాటని పెద్దలు ఇంకో అర్థంలో తీసుకున్నారు. చేసేదేం లేదు. మెట్లు వెతుక్కుంటూ, కావడితోనే వెనక వైపుకి దిగాడు.

వేదిక వెనక చీకట్లో గుంజ ఉంది. దానికి వీపు ఆనించి అలాగే జారి కూర్చున్నాడు. గంపలు రెండూ అటూ ఇటూ నేలకానాయి. ముందు పాట మీద పాట సాగుతోంది. ఎవరూ వెనక్కి చూడలేదు.

పాటలయ్యాక దేవమణి వెతుక్కుంటూ వచ్చింది. "పద, ఇంటికి పోదాం. వాళ్ళకి నేను చెప్తాలే రేపు" అంటూ చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది. ఆవిడ కేక వేయలేదు. ముందు భుజం మీది కావడిబద్ద తీసి పక్కన పెట్టింది. తర్వాత కింద కూర్చుని అతని తల ఒళ్ళోకి తీసుకుంది.

మర్నాడు ఆ పేటలో ఎన్నడూ లేనంత జనం వచ్చారు. రాహేలు, బుల్లిబాబు లారీ ఎక్కి వచ్చారు. రాహేలు తండ్రి కాళ్ళు పట్టుకుని, "ఈ ఏడన్నా వస్తావనుకున్నా గదా నాన్నా" అని ఒకటే ఏడుపు. కూటాలకి వచ్చినవాళ్ళంతా సమాధుల దొడ్డికి నడిచారు. ఇలాంటి మరణం ఎవరికి దొరుకుతుందని ప్రసంగీకుడు అక్కడ కూడా చెప్పాడు.

ఆ ప్రాంతంలో మట్టి చేసేటప్పుడు గోతిలో ఉప్పు పోయడం రివాజు. సాంబయ్య శెట్టిగారు తన కొట్టు సరుకు జన్మంతా మోసినవాడని గౌరవంగా నిండు బస్తా ఒకటి బండి మీద పంపించారు. పెట్టె దించాక ఇశ్రాయేలు ఆ బస్తాని గోతి దగ్గరికి దొర్లించి మూతి కుట్టు విప్పబోయాడు.

"వద్దు" అంది దేవమణి.

"రివాజే గదమ్మా" అన్నారు ప్రేమానందంగారు మెల్లగా. "అందులోనూ శాంతయ్యకి ఉప్పంటే..."

"ఆయనకి ఉప్పంటే ఏంటో నన్నడగండి అయ్యగారూ. దించాలనుందని మైకులో చెప్పాడు, మీరంతా విన్నారు. ఒక్కరన్నా చెయ్యేసి దించారా? పాట పాడారు." ఆవిడ బస్తాకీ గోతికీ మధ్యకొచ్చి నిలబడింది. "ఇప్పుడన్నా ఆయన మీద ఎత్తమాకండి. ఉత్త మన్నే పొయ్యండి."

పాస్టరుగారు ఇశ్రాయేలు చేతిని బస్తా మీంచి తీయించారు. తర్వాత తనే వంగి గోతిలోకి మొదటి పిడికెడు మన్ను వేశారు. ఇశ్రాయేలు పార తీసుకున్నాడు. ఎవరూ పాట ఎత్తలేదు.

పొద్దు వాలేసరికి అందరూ వెళ్ళిపోయారు. బండివాడు అంతకు ముందే తిరిగిపోయాడు. శవం దగ్గరికి వచ్చిన సరుకు వెనక్కి తీసుకోరు, ఇంటికి మోసుకుపోవడానికి ఎవరికీ చేతులు రాలేదు. కొత్తమట్టి పక్కన సాంబయ్య కొట్టు బస్తా, మూతి కుట్టింది కుట్టినట్టే, నిండుగా కూర్చుని ఉంది.